కాలువ నీళ్లకు కదిలిన గోడ

నా చేతులతో పునాది నుంచి పైకప్పు దాక కట్టిన ఇండ్లు పదకొండే. కట్టిన ఇండ్లను బాగుచేసుడే నా అసలు పని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, వీటి నడుమ ఉన్న ఊర్లు. ఎనభైల మొదట్ల తాపీ పట్టిన. మోకాళ్లు సహకరించినన్ని రోజులు చేసిన. ఇప్పుడు కొత్తగా ఈ పనిలకొచ్చే పిల్లలు కొందరు నా కాడికి వచ్చి, "యాదయ్య తాతా, మరమ్మతు పనిల ఏం నేర్సుకోవాలె?" అని అడుగుతున్నరు. నోటితో చెప్తే సగం మర్చిపోతున్న. అందుకే రాస్తున్న.

కూలి ఎట్ల పెరిగింది, ఏ బిల్డింగు ఎవరిది అనేవి రాయను. అవి ఎవరికీ పనికిరావు. నన్ను మేస్త్రిని చేసిన సంగతులు మూడు. అందుల రెండు చిన్నవి. మూడోది మిర్యాలగూడల సత్తెమ్మక్క ఇంటి గోడ. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది.

గోడను వినుడు

మా ఉస్తాద్ జానిమియా. సూర్యాపేటల పాత ఇండ్లన్నీ ఆయనకు పేరు పేరునా తెలుసు. నేను ఆయన దగ్గర చేరేటప్పటికి నాకు ఇరవై ఏండ్లు దాటినయ్. అప్పటికే ఇటుక పని వచ్చు. ఇగ నేర్చుకునేది ఏముందిలే అనుకున్న.

మొదటి వారంలనే ఒక ఇంటికి తీసుకపోయిండు. గోడకు పైన సున్నం తెల్లగ మెరుస్తున్నది. ఎక్కడా గీత లేదు. ఉస్తాద్ చిన్న సుత్తె తీసి, వేలితో కొట్టినంత మెల్లగ కొడుతూ గోడ పొడుగునా నడిచిండు. నాలుగు అడుగులు పోయి ఆగిండు. మళ్లీ వెనకకొచ్చి కొట్టిండు.

"విన్నవా?" అన్నడు.

"ఏంది ఉస్తాద్?"

"ఈడ దాక గోడ మాట్లాడింది. ఈడికొచ్చినంక నోరు మూసింది. లోపల బోలు ఉన్నది."

నాకు ఏమీ వినిపించలే. ఆయన చెప్పిన చోట పూత పగలగొడితే, లోపల మట్టి మొత్తం చెదలు తొలిచి డొల్లగ ఉన్నది. చెయ్యి మోచేయి దాక పోయింది.

"మరమ్మతంటే కట్టుడు కాదు బేటా. ముందుగాల వినాలె. చేతులు తర్వాత," అన్నడు.

ఆయన కాడ ఆరేండ్లు చేసిన. గోడను వినుడు వచ్చింది. మనిషిని వినుడు కూడా అందుల భాగమే అని మాత్రం అప్పుడు అర్థం కాలే.

భయపెట్టుడు

ఉస్తాద్ చూపు తగ్గి పని మానినంక కోదాడల ఒక కాంట్రాక్టరు దగ్గర చేరిన. ఆయన పేరు రాయను. మనిషి మంచోడే, వేళకు కూలి ఇచ్చేటోడు. కానీ ఆయనకు ఒక పద్ధతి ఉండె. చిన్న రిపేరుకు పిలిచిన ఇంటికి పోంగనే ముందు మౌనంగ ఇల్లంతా తిరిగేటోడు. తల అడ్డంగ ఊపేటోడు. ఇంటోళ్లు "ఏమైందండీ" అని రెండు మూడు సార్లు అడిగినంక అప్పుడు చెప్పేటోడు: "ఇది అతుకులేస్తే ఆగేది కాదండీ. మొత్తం తీసెయ్యాల్సిందే. పిల్లలు తిరిగే ఇల్లు, తర్వాత మీ ఇష్టం."

పిల్లల మాట రాంగనే ఇంటోళ్లు ఒప్పుకునేటోళ్లు. మెడల బంగారం తీసి అమ్మేటోళ్లు, పొలం కుదువ పెట్టేటోళ్లు. నెల జీతంతోటి, రోజు కూలితోటి బతికే ఇంట్లకు రిపేరు చెప్పి రాదు. వచ్చినంక వాళ్ల చేతిలో ఉండేది ఒక్కటే, మేస్త్రి మాట. ఆ మాటను ఆయన తూకం వేసి అమ్ముకున్నడు. రెండేండ్లు చూసిన. ఒక రోజు నేనే ఒక ఇంట్ల తల అడ్డంగ ఊపుతున్నట్టు నాకే తెలిసింది. ఆ వారమే మానేసి సూర్యాపేటకు తిరిగొచ్చిన.

నేను ఎవ్వరిని భయపెట్టను, నిజం చెప్తా, తక్కువల చేసిపెడతా అనుకున్న. నిజాయితీ ఒక్కటుంటే చాలనుకున్న. చాలదని నాకు మిర్యాలగూడల తెలిసింది.

సత్తెమ్మక్క ఇల్లు

ఆ ఇల్లు ఊరి అంచున ఉండె. వంటింటి వెనక గోడ దాటితే పొలమే. సాగర్ కాలువ నీళ్లతో వరి పండే నల్లరేగడి. ఇంటాయన పేరు లింగయ్య. రైస్ మిల్లుల బస్తాలు మోసిన మనిషి. మంచిగ సంపాదించిన రోజులల్ల ఇటుకలు కొని, మట్టితో కట్టించి, పైన రేకులేసిండు. తర్వాత నడుము పోయింది. బస్తా ఎత్తలేక, కూసోని బస్తాల మూతులు కుడుతుండె. సత్తెమ్మక్క అదే మిల్లుల వడ్లు ఆరబోసేది. గింజ పంటి కింద పెట్టి కొరికి, ఇంక ఎంతసేపు ఎండాలెనో చెప్పేది. మిల్లు గుమస్తా ఆమెను అడగకుండ కుప్ప ఎత్తనిచ్చేటోడు కాదట.

బర్రెను కొనాలని ఆమె రెండేండ్ల నుంచి పైసలు కూడబెడుతుండె. లింగయ్య కూలి సగమైంది కదా, పాలమ్ముకుంటే ఇల్లు నడుస్తదని. ఆ రోజులల్లనే గోడకు పగులు పడ్డది. కిటికీ మూల నుంచి నేల దాక, మెట్లు మెట్లుగ. నన్ను పిలిచిన ఏడు, ఎండకాలం నడుమ అది చిటికెన వేలు పట్టేంత అయింది. ఊర్లె ఒక కాంట్రాక్టరు వచ్చి మొత్తం కూలగొట్టాలన్నడట. వాళ్ల చుట్టపాయన ఒకడు నా పేరు చెప్పిండు.

నేను మే నెలల పోయిన. గోడ కొట్టి చూసిన. గట్టిగనే ఉన్నది. "అక్కా, కూలగొట్టే అవసరమే లేదు. ఎవడో నిన్ను భయపెట్టిండు. పగులు నింపితే సరిపోతది," అన్న.

ఆమె మొఖం వెలిగింది. "నిజంగనా మేస్త్రీ?"

"నిజంగనే. మంచి సిమెంటేసి బిగిస్తా. రాయి లెక్క ఉంటది."

పగులు మీద అక్కడక్కడ పేపరు ముక్కలు గంజితో అతికించి ఉన్నయ్. చుట్టాలొస్తే కనపడకుండ మూసినట్టున్నరు పాపం అనుకొని, అన్నీ గీకి పారేసిన. పగులు కడిగి, సిమెంటు దట్టంగ కలిపి, వేలితో కుక్కి కుక్కి నింపిన. బర్రె పైసల్లో సగం సిమెంటుకు, నా కూలికి పోయినయ్. పోతుంటే సత్తెమ్మక్క ఏదో చెప్పబోయింది. బస్సు వేళయింది. "ఏం గాదక్కా, నిమ్మళంగ ఉండు," అని వచ్చేసిన.

లింగయ్య బస్సెక్కి వచ్చుడు

ఆగస్టు చివర్ల, పొద్దున్నే సూర్యాపేట అడ్డా మీద కూలోళ్ల నడుమ నిలబడి ఉన్న. బస్సు దిగి ఒకాయన నడుము పట్టుకొని మెల్లగ వస్తున్నడు. దగ్గరికొచ్చినంక చూస్తే లింగయ్య.

"మేస్త్రీ, గోడ పడ్డది," అన్నడు.

ఆయన రెక్క పట్టుకున్న. "ఎవరికన్నా...?"

"ఎవరికి దెబ్బ తాకలే. సత్తెమ్మ అన్నం పొయ్యి మీద పెట్టి కట్టెలకని బయటకు పోయింది. కిటికీ పైనున్న ఇటుకలు వచ్చి పొయ్యి మీదనే పడ్డయ్. అన్నం గిన్నె సొట్టపోయింది." బస్సు దిక్కు చెయ్యి చూపించిండు. "నిన్ను తోలుకరమ్మన్నది."

ఆ మనిషి తిట్టలే. తిట్టితే బాగుండు అనిపించింది. నడుము నొప్పితోటి అంత దూరం బస్సుల నిలబడి వచ్చిండు. బస్సు ఎక్కినంక దిగేదాక నేను ఆయన మొఖం చూడలే.

ఇంటికి పోయి చూస్తే, నేను నింపిన సిమెంటు చెక్కు చెదరలేదు. రాయి లెక్కనే ఉన్నది. దానికి రెండు దిక్కుల ఉన్న ఇటుకలు నలిగి, కిటికీ పైన గోడ కడుపు ముందుకొచ్చి, పలిగి పడ్డది. నాకు అంతుపట్టలే. ఎండకాలంల విచ్చుకున్న గోడ, వానకాలంల ఎందుకు నలిగింది? నలిగిన ఇటుక ఒకటి చేతిలకు తీసుకొని తిప్పి చూస్తున్న. సత్తెమ్మక్క నన్ను చూసి, "లోపటికి రా మేస్త్రీ. నీకొకటి చూపియ్యాలె," అన్నది.

కాయితాలు

నడిమింట్ల, బియ్యం గాబు వెనక, అదే పగులు గోడెంబడి సన్నగ లోపటికి వచ్చి ఉన్నది. నేను అటు దిక్కు పోనేలేదు. అక్కడ, పగులుకు అడ్డంగ, కింద నుంచి మీద దాక, వరుసగ పేపరు ముక్కలు. కొన్నిటి మీద కుంకుమ బొట్టు. కొన్నిటి మీద బొగ్గు గీత.

"గివి నేను రెండేండ్ల సంది అతికిస్తున్న," అన్నది. "నాకు రాయరాదు గదా. కాలువ నీళ్లు ఇడిసినప్పుడు పెట్టిన దానికి కుంకుమ. బందు జేసినప్పుడు పెట్టిన దానికి బొగ్గు. మంచిగ సూడు."

దీపం దగ్గరగ పట్టింది. బొగ్గు గీతున్న కాయితాలన్నీ నడుమకు చీరిపోయి ఉన్నయ్. కుంకుమ బొట్టువి ఒక్కటి కూడా చీరలేదు. అవి నడుమల ముడతబడి, మడతలు పైకి లేచినయ్.

"నీళ్లు బందైనంక పగులు ఇచ్చుకుంటది. నీళ్లు ఇడిసినంక మూసుకుంటది. ఏటేటా గంతే. ఇది పగులు గాదు మేస్త్రీ, కదులుడు."

"ఎందుకు కదులుతది అక్కా?" అని అడిగిన. మేస్త్రిని నేను. అడిగింది నేను.

ఆమె నవ్వింది. "వడ్లు నానితే ఏమైతయ్? ఉబ్బుతయ్. ఎండితే ముడుసుకుంటయ్. నల్లమన్ను గట్ల గాదా? ఎనక పొలంల నీళ్లు నిలుస్తే మన ఎనక గోడ కింద మన్ను ఉబ్బుతది. ముందటి గోడ కింద ఎప్పటి లెక్కనే ఉంటది. ఇల్లు ఒక దిక్కు లేస్తది. నీళ్లు పోతే మల్ల కూసుంటది. నువ్వు ఎండకాలంల, నోరు తెరిసి ఉన్నప్పుడు, రాయి లెక్క బిగిచ్చినవ్. మల్ల మూసుకుందామంటే అది మూసుకోనియ్యలే."

నేను ఆ గోడ ముందల కూసున్న. పదేండ్లు గోడలు కట్టిన. గోడ నిలబడ్డ నేల ఏటేటా లేస్తది, కూసుంటది అని ఒక్కనాడన్నా అనుకోలే. బయట పొలం చూసిన. నీళ్లు నిండి, పచ్చగ, ఏమీ ఎరగనట్టు ఉన్నది. ఎక్కడో సాగర్ కాడ తూము ఎత్తితే, ఇక్కడ ఒక వంటింటి గోడ కదులుతున్నది. బడికి పోని మనిషి, గంజీ పాత పేపర్లూ పెట్టి, దాన్ని పట్టుకున్నది. చేతులెత్తి దండం పెట్టబుద్ధయింది. పెట్టలే. అప్పటికింకా మేస్త్రినన్న అహం కొంచెం మిగిలి ఉండె.

"మే నెలల నాకు ఇది ఎందుకు చెప్పలే అక్కా?"

"నువ్వు అడగలే. వచ్చినవ్, గోడను కొట్టినవ్, సిమెంట్ కలిపినవ్. నా కాయితాలు గీకి పడేసినవ్." తిట్టినట్టు అనలేదు. వడ్లు పచ్చిగ ఉన్నయ్ అని చెప్పినట్టే చెప్పింది. "నువ్వు సదివినోని లెక్క మాట్లాడుతుంటివి. నీకు తెలిసే ఉంటదనుకున్న."

కోదాడ కాంట్రాక్టరు భయపెట్టి ఇండ్లు ముంచిండు. నేను ధైర్యం చెప్పి ముంచిన. ఇంటోళ్ల చేతిలో పైసలు తక్కువున్నప్పుడు, మంచి మనసుతో చేసిన తప్పు కూడా వాళ్లకు అంతే భారం.

ఊక బూడిద

ఇగ బాగుచెయ్యాలె. వాళ్ల దగ్గర పైసల్లేవు. బర్రె కోసం మిగిలిన సగం ముట్టనని నేనే ఒట్టు పెట్టుకున్న. కూలి మాట ఎత్తనియ్యలే. ఆరోజు ముగ్గురం అరుగు మీద కూసోని, ఏది ఆగుతది, ఏది ఆగదు అని మాట్లాడుకున్నం. ఇప్పుడు నాకు తెలుసు, లేనోళ్ల ఇంట్ల రిపేరు అక్కడ్నే మొదలుపెట్టాలె. సత్తెమ్మక్క వేళ్లు ముడుస్తూ చెప్పింది: "రేకులు పడకుండ ఆపుడు ఇయ్యాలనే కావాలె. గోడ నెల ఆగుతది. వంట ఈ అరుగు మీద చేసుకుంటా. నీళ్ల సంగతి మాత్రం గోడకంటే ముందుగాల చెయ్యాలె."

రేకుల కింద సర్వికట్టెలు నిలబెట్టి బరువు గోడ మీద నుంచి తీసిన. స్నానం చేసిన నీళ్లు గోడ మొదట్లనే ఇంకుతున్నయ్. వాటికి చిన్న మోరీ తీసి దూరం పంపినం. లింగయ్య పోయి పొలమాయనతో మాట్లాడిండు. ఒడ్డును గోడకు రెండు బారలు దూరం జరపమని అడిగిండు. పొలమాయన ఒక పూట గొణిగి, రెండో పూట తనే పార తీసుకొని వచ్చిండు.

పడ్డ ఇటుకలను సత్తెమ్మక్క పని నుంచి వచ్చినంక ఒక్కొక్కటి గీకి శుభ్రం చేసింది. ముక్కైనవి కూడా పారెయ్యనియ్యలే. ఇగ వాటిని కట్టే మాలు కావాలె. సిమెంటు వద్దు. కొంచెం మెత్తగ ఉండి, గోడ కదిలితే ఓర్చుకునేది కావాలె. సున్నం అయితే నయం. మా ఉస్తాద్ సున్నంల ఇటుక పొడి కలిపేటోడు, నీళ్లకు ఆగాలని. ఆ సంగతి చెప్పి, "ఇటుక పొడి కొట్టించాలంటే ఖర్చు అక్కా," అన్న.

లింగయ్య బస్తా కుట్టే దబ్బనం చేతిల తిప్పుతూ, "మిల్లు బాయిలర్ కాడ ఊక బూడిద గుట్టలు గుట్టలుంటది. అది గూడ కాలిన వస్తువే గదా. పనికి రాదా?" అన్నడు.

నాకు తెల్వదు. ఈసారి తెల్వదనే చెప్పిన. సున్నం, బూడిద, ఇసుక కలిపి మూడు కొబ్బరి చిప్పలల్ల వేరువేరు పాళ్లల్ల పెట్టి, వారం ఆరినంక నీళ్లల్ల ముంచినం. రెండు చిప్పలల్లది కరిగి బురదైంది. మూడో దాన్ని ఐదు రోజుల తర్వాత తీసి గోరుతో గీకిన. గోరు అరిగింది గాని అది అరగలే. మిల్లోళ్లు ఎత్తిపోసేటందుకు జాగ లేక తిట్టుకునే బూడిద! ఏండ్ల తరబడి ఆ గుట్టల పక్క నుంచే నడిచిన. లింగయ్య మొఖంల నడుము పోయినంక మొదటిసారి గర్వం చూసిన.

పొలం ఒడ్డు జరిపి నెల దాటినంక, మన్ను పూర్తిగ ఉబ్బకుండ, పూర్తిగ ఎండకుండ ఉన్న రోజులు చూసి గోడ లేపిన. ఆ రోజులు ఏవో చెప్పింది సత్తెమ్మక్కనే. గోడ మొదట్ల నాపరాళ్ల దుకాణం వెనక పారేసిన విరిగిన ముక్కలు ఏరుకొచ్చి, వాలు బయటికి ఉండేటట్టు పరిచినం. వాన నీళ్లు గోడ కిందికి దిగకుండ, ఎండకు అక్కడి మన్ను మరీ ఎండకుండ.

మళ్ల ఎండకాలం వచ్చింది. కాలువ బందయింది. నేను పిలవకుండనే పోయిన. కొత్త గోడ మీద ఆమె ఒక కాయితం అతికించి ఉంచింది. వంగి చూసిన. ఒక మూలకు, వెంట్రుకంత చీరింది. అంతే. నేల కదలక మానదు. కానీ గోడ ఓర్చుకున్నది.

"మంచిగున్నది గదా మేస్త్రీ?" అన్నది.

"మంచిగున్నది అక్కా," అని అప్పుడు దండం పెట్టిన.

బర్రె మాత్రం ఇంకో రెండేండ్లకు గాని రాలే. ఆ రెండేండ్లు లింగయ్య తాగిన పాలు లేని చాయకు కారణం నేను. ఇది దాచుకోను.

కొత్తగా పని పట్టేటోళ్లకు

నేను చెప్పదలుచుకున్నది కొంచెమే. ఇంటికి పోంగనే తాపీ తియ్యకండి. ఆ ఇంట్ల ఎక్కువసేపు ఉండేది ఎవరో కనుక్కొని వాళ్ల పక్కన కూసోండ్రి. ఎప్పుడు మొదలైంది, ఏ కాలంల ఎక్కువైతది, వాళ్లు ఇప్పటిదాక ఏం చేసి చూసిండ్రు, అన్నీ అడగండి. డబ్బు లేనోళ్లు రిపేరును నెలలకొద్ది కనిపెట్టి చూస్తరు, పిలిచే స్థోమత ఉండదు గనుక. ఆ చూపు మనకు ఏ చదువుల రాదు. తెల్వకపోతే తెల్వదనాలె. అంతా ఒక్కసారి చెయ్యాలని తొందర పెట్టకండి. ప్రాణానికి ముప్పున్నది ముందు, ముప్పును పెంచేది తర్వాత, కంటికి బాగలేనిది ఆఖరుకు.

ఆ తర్వాత నాకు అంతుపట్టని గోడ ఎదురైతే సత్తెమ్మక్కను అడుగుడు మొదలుపెట్టిన. ముందు నోటిమాటగనే. తర్వాత, మిల్లు పని లేని రోజులల్ల ఆమెనే వెంట తీసుకపోయేటోణ్ని. వేములపల్లిల రెండు ఇండ్లు చూసింది. పాలకీడుల ఒకటి.

ఒకసారి కోదాడల పెద్ద డాబా. నేల కుంగి గోడ నెర్రెబారింది. ఇద్దరం బస్సు దిగి పోయినం. నా చేతిల సంచి ఉన్నది. ఆమె కొంగు నడుముకు చెక్కుకొని, చెప్పులు గేటు కాడ విడిచి నిలబడ్డది. ఇంటాయన నన్ను లోపటికి రమ్మని, ఆమె దిక్కు చూసి, "ఈవిడ మట్టి మొయ్యడానికా? పని ఇంకా మొదలు కాలేదు కదండీ," అన్నడు. మళ్లీ నా వెనక చూసి, "పెద్ద మేస్త్రి గారిని కూడా తీసుకొస్తామన్నారు. ఆయనేరీ?" అని అడిగిండు.

"ఆమెనే," అన్న.

ఆయన నవ్వబోయి, నా మొఖం చూసి ఆగిండు. సత్తెమ్మక్క ఇదేదీ పట్టించుకోలే. నెర్రె దిక్కు కూడా చూడలే. ఇంటి చుట్టూ ఒక తిరుగు తిరిగి, వెనక గోడ కాడ వంగి చిటికెడు మన్ను తీసుకొని, రెండు వేళ్ల నడుమ నలిపి, వాసన చూసింది. అప్పుడు లేచి ఆయన్ను అడిగింది:

"మీ ఇంట్ల వాడిన నీళ్లు యాడికి పోతున్నయ్ సారూ?"

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసిండు. ఆ ఇల్లు కట్టించి, ఎనిమిదేండ్లుగ అందుల ఉంటున్న మనిషి ఆయన. ఆ సంగతి ఆయనకు తెల్వదు. ఇంటావిడ వంటింటి తలుపు కాడ నుంచి ముందుకొచ్చి, "నాకు తెలుసమ్మా, నేను చూపిస్తా రండి," అన్నది.

ఆడోళ్లిద్దరు ముందు నడిచిండ్రు. నేను సంచి భుజానికి వేసుకొని వాళ్ల వెనక నడిచిన.